జాంజిబార్ పోయిన నిమ్మకాయ ఊరగాయ

రుస్తాఖ్,
అక్టోబరు 14

జైనబక్కా,

ఒంట్లో నాకేమీ లేదు, కంగారు పడకు. బాగాలేనిది మనసు. ఫోన్లో చెబుదామంటే నీ పక్కన ఎప్పుడూ జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు నలుగురుంటారు, నువ్వేమో స్పీకరు పెట్టి మిషను తొక్కుతూ మాట్లాడతావు. నా పక్కనేమో హలీమా. మా ఇద్దరిదీ ఒకటే రూమ్. ఆమెకు తెలుగు రాదు, కానీ తన పేరు తనకు తెలుస్తుంది కదా. ఈ ఉత్తరంలో ఆ పేరు చాలాసార్లు వస్తుంది. నీళ్ళ ట్యాంకరు తోలే ఓబయ్యన్న లీవు మీద రాయచోటికి వస్తున్నాడు, ఆయన చేత పంపుతున్నాను. చదివాక చించెయ్యి. నా కూతురి కంట పడనివ్వకు. తల్లి బుద్ధి ఇలాంటిదని హసీనాకు ఇప్పుడే తెలియాల్సిన పనిలేదు.

మొదట్నుంచీ చెబుతాను. ఈ ఇంట్లో నాకిది ఏడో ఏడు. అందులో అయిదేళ్ళు నేనొక్కదాన్నే. వంట నేనే, బట్టలు నేనే, పిల్లల టిఫిన్ డబ్బాలు నేనే. మామాకు తాళంచెవి కనబడకపోయినా నన్నే పిలిచేది. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అనాలి, ఆమె నాకంటే రెండేళ్ళు చిన్నదే అయినా సరే. హలీమా వచ్చి రెండేళ్ళయింది. మామా అత్తగారి కోసం తెచ్చారు ఆమెను. ఆ పెద్దావిడ పుట్టి పెరిగింది జాంజిబార్‌లో. ఆఫ్రికా పక్కన సముద్రంలో ఉన్న దీవి అది. పూర్వం ఈ ఒమాన్ సుల్తాన్ల ఏలుబడిలో ఉండేదట, తర్వాత ఇంగ్లీషువాళ్ళ చేతికిందికి పోయిందట, ఆ తర్వాత అక్కడ పెద్ద గొడవలైతే ఈ అరబ్బులంతా ఉన్నదున్నట్టు వదిలి ఇక్కడికి వచ్చిపడ్డారట. ముసలితనం మీదపడ్డాక పెద్దావిడ అరబ్బీ మరిచిపోయి చిన్ననాటి స్వాహిలీ భాషే మాట్లాడుతోంది. అందుకని ఆ దీవి నుంచే ఒక మనిషిని తెచ్చారు. అదీ హలీమా.

ఇక ఊరగాయ సంగతి. మామావాళ్ళ తోటలో నిమ్మచెట్లున్నాయి. నేను వచ్చిన కొత్తల్లో కాయలు రాలి మట్టిపాలవుతుంటే చూడలేక, నా అన్నంలోకని ఒక చిన్న జాడీ పెట్టుకున్నాను. అమ్మ పెట్టేది చూడు, కాయ ఉప్పులో ఊరి, ఎండలో వాడి, మెంతిపిండీ ఆవపిండీ పట్టి, అదే. మామా పెద్దకొడుకు ఒకరోజు వేలితో నాకి చూశాడు. మరుసటి వారానికి జాడీ భోజనాల గదిలోకి వెళ్ళిపోయింది. ఆ పైన చుట్టాలకు సీసాలు, పండగకు సీసాలు, పెళ్ళిళ్ళకు సీసాలు. మూడేళ్ళ కిందట మామా దాన్ని ఇంటి వ్యాపారంగా రిజిస్టరు చేయించి బంగారు రంగు లేబుల్ వేయించింది. లేబుల్ మీద మామా పేరుంది. నాకప్పుడు అదేమీ తప్పనిపించలేదు. చేసేది నేనని ఇంట్లో అందరికీ తెలుసు, అది చాలనుకున్నాను.

ఈ ఏడు ఇక్కడి ప్రభుత్వానికి ఒక ఆలోచన వచ్చింది. జాంజిబార్‌కి ఒమాన్ సరుకు అమ్మాలట. మన తాతలు ఆ దీవి నుంచి ఓడల్లో లవంగాలు తెచ్చుకున్నారు, ఇప్పుడు మన సరుకు అక్కడి అంగళ్ళలో కనబడాలని ఒక పెద్ద ఆఫీసరు మీటింగులో చెప్పాడట, మామా వచ్చి చెప్పింది. ఖర్జూరం, హల్వా, తేనె, సాంబ్రాణి, వీటితో పాటు ఇళ్ళల్లో చేసే చిన్న చిన్న సరుకులు కూడా ఎంచుతారట. ఎంపికైనవాళ్ళకు జనవరిలో అక్కడ జరిగే ఎగ్జిబిషన్‌లో స్టాలు ఇస్తారు, సరుకు ఓడలో వాళ్ళే పంపుతారు, యజమానికీ ఇంకొక మనిషికీ విమానం టికెట్లు పెడతారు. ఆర్డర్లు వస్తే చిన్న యూనిట్ పెట్టుకోవడానికి సాయం చేస్తారు, ఆ యూనిట్‌కి ఒక మనిషిని కంపెనీ వీసా మీద పెట్టుకోనిస్తారు.

ఆ ఒక మనిషిని నేనేననుకున్నాను అక్కా. నా పతాకా మీద, అదే ఇక్కడి గుర్తింపు కార్డు మీద, ఏడేళ్ళుగా ఇంటి పనిమనిషి అనే ఉంది. కంపెనీ వీసా అయితే డ్యూటీకి ఒక టైముంటుంది, శుక్రవారం సెలవుంటుంది, నేను చేసే పనికి ఒక పేరుంటుంది. ఇక్కడ ఇంకో నాలుగేళ్ళు నిలబడగలిగితే హసీనా నర్సింగు అయిపోతుంది. నా మొగుడు బాషా ఆ రెండో ఆడమనిషిని నా ఇంట్లోనే తెచ్చిపెట్టుకున్నాక నేను తిరిగొచ్చి నీ మిషను పక్కన చాప వేసుకోవడం తప్ప నాకు వేరే చోటేముంది?

ఆఫీసర్లు ఇద్దరు రుచి చూడడానికి ఇంటికే వచ్చారు. నేను ఉతికిన బట్టలు కట్టుకుని జాడీ పట్టుకుని నిలబడ్డాను. పెద్దాయన ఒక చెక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇందులో ఏమేం వేశావని నన్నే అడిగాడు. నాకొచ్చింది వంటింటి అరబ్బీ, మెంతులనీ ఆవాలనీ చెప్పాను. ఆయన తలూపుతున్నాడు, నాకు కడుపు నిండిపోతోంది. సరిగ్గా అప్పుడే హలీమా పెద్దావిడ చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. ఆఫీసరు తల్లి కూడా ఆ దీవిలోనే పుట్టిందట. ఆయన లేచి పెద్దావిడ చెయ్యి ముద్దుపెట్టుకుని స్వాహిలీలో పలకరించాడు. ఇక చూడు, వాళ్ళు ముగ్గురూ ఒకటే నవ్వు. హలీమా చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది, ఆయన కాగితం మీద రాసుకుంటున్నాడు. తర్వాత తెలిసింది, తమ దీవిలో పులావులోకి అచారి, అంటే ఊరగాయ, నంజుకుంటారని, పులుపుకంటే కారం ముందు తగలాలని చెప్పిందట. నేను గరిటె పట్టుకుని నిలబడే ఉన్నాను. నా ఊరగాయ గురించి నేను చెప్పింది ఆయన రాసుకోలేదు, ఆమె చెప్పింది రాసుకున్నాడు.

ఊరగాయ ఎంపికైంది. నిన్న మామా మా ఇద్దరినీ పిలిచి జాంజిబార్‌కి హలీమాను తీసుకుపోతున్నానని చెప్పింది. భాష తెలిసిన మనిషి స్టాలులో ఉండాలని ఆఫీసరు కూడా అన్నాడట. నేను మాషా అల్లా అన్నాను, నవ్వాను కూడా. పోయి వాకిలి కడగడం మొదలుపెట్టాను. ట్యాంకరు తెచ్చిన ఓబయ్యన్న కాసేపు చూసి, "ఏం మే, పొద్దున కడిగిన వాకిలే మళ్ళా కడుగుతాండావే?" అన్నాడు. చెప్పాను. ఆయనకు నవ్వొచ్చింది. "ఆ పిల్లకు నోరుండాది, నీకు చెయ్యుండాది. అమ్మేకాడికి నోరే పోతాది గానీ చెయ్యి పోతాదా?" అన్నాడు. ఆయన మీద కూడా కోపం వచ్చింది నాకు.

నిజం చెబుతున్నాను, బాషా ఆ మనిషిని తెచ్చిన రోజున కూడా నేనింత మండలేదు. అక్కడ నాకు పోయింది మొగుడు ఒక్కడే. ఇక్కడ ఏడేళ్ళు ఎండబెట్టుకున్నది మొత్తం పోయింది. హలీమా నడక చూస్తే మంట, ఆమె తల గుడ్డ ముడి చూస్తే మంట. పెద్దావిడ ఆమె చేత్తో పెడితేనే తింటుంది, దానికీ మంటే. మామా ఆమెతో మాట్లాడడానికి వాళ్ళ భాషలో ధన్యవాదం చెప్పడం నేర్చుకుంది, "అసాంతే, హలీమా" అంటుంది. ఏడేళ్ళలో తెలుగు ముక్క ఒక్కటి నేర్చుకుందా నా కోసం? అందులో ఘోరమేమిటంటే హలీమా చెడ్డది కాదు. నాకు జ్వరమొస్తే నా ఇస్త్రీ అంతా తనే చేస్తుంది. చెడ్డదయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

నీ చెల్లెలు,
మహబూబీ

*

రుస్తాఖ్,
డిసెంబరు 2

అక్కా,

ఉత్తరం చదివి నువ్వు ఫోన్లో అన్న మాట నెల దాటినా చెవిలోనే ఉంది. "ఆ బిడ్డ నీదేం ఎత్తకపోయింది మే? దానికి భాష వచ్చు, పోతాండాది. నువ్వు చేసిందే కదా అది మోసకపోయేది!" అన్నావు. సరేనన్నాను. బుద్ధి తెచ్చుకుందామనే అనుకున్నాను. తెచ్చుకోలేకపోయాను. ఇప్పుడు రాసేది చదివి నన్ను ఇంకా తిడతావు, అయినా ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం దిగడం లేదు. హమ్రియాలో పనిచేసే మన వైపామె ఇక్బాలున్నీసా రేపు బయల్దేరుతోంది, ఆమె సంచిలో పెడుతున్నాను.

పోయిన వారం ఎగ్జిబిషన్ సరుకు తయారైంది. ఊరగాయ అంతా నేనే పెట్టాను. నాలుగు పెద్ద జాడీలు. హలీమా చెప్పినట్టే కారం పెంచమంది మామా, పెంచాను. రంగు చూస్తే నాకే ముద్దొచ్చింది. ప్రభుత్వం వాళ్ళ పరీక్షకు పంపిన సీసాలు అంతకుముందే నేను నింపి ఇచ్చాను, అవన్నీ పాసయ్యాయి. ఇక ఓడకు వెళ్ళే సీసాలు నింపాలి. ఆరోజు మామా చుట్టాలు వస్తున్నారని నన్ను మేడ మీద గదులు సర్దమంది. సీసాలు నింపే పని హలీమాకు చెప్పింది. అమ్మబోయేది ఆమె కదా, సరుకు చేత్తో పట్టి చూసుకోనీ అంది.

పక్కబట్టలకోసం కిందికి దిగి వంటింట్లోకి తొంగిచూశాను. హలీమా సీసాలన్నీ సబ్బుతో శుభ్రంగా కడిగి తువ్వాలు మీద బోర్లించింది. ఒక్కొక్కటి ఎత్తి, విదిలించి, ఊరగాయ నింపుతోంది. సీసా మెడలో నీటిబొట్లు నాకు గుమ్మం దగ్గరికే కనబడుతున్నాయి.

ఊరగాయకు తడి తగలకూడదని మనకు ఎవరూ పాఠం చెప్పలేదు. జాడీలో తడి గరిటె పెట్టినందుకు అమ్మ నా వీపు మీద ఒకటిచ్చింది, అది జీవితానికి సరిపోయింది. హలీమాకు అలా ఇచ్చినవాళ్ళు లేరు. వాళ్ళ అచారి వేరు. పెద్దావిడకోసం ఆమె చేస్తుంటే చూశాను. మామిడి ముక్కలు బెల్లం, సిరకా, అదే వెనిగరు, వేసి ఉడికించి, పొగలు కక్కుతుండగానే అప్పుడే కడిగిన సీసాలో పోసేస్తుంది. ఆ వేడికి తడి లెక్కేమిటి? కాబట్టి ఆమె అజాగ్రత్త మనిషి అనడానికి లేదు. ఆమెకు తెలిసింది ఆమె చేసింది. నాకు తెలిసింది నేను చెప్పలేదు.

అదే అక్కా నేను చేసింది. బట్టల గంప ఎత్తుకుని మేడ మీదికి వెళ్ళిపోయాను.

ఆ అట్టపెట్టెలు రెండు రోజులు వరండాలోనే ఉన్నాయి. వాటి పక్కనుంచి పదిసార్లు తిరిగాను. తిరిగి జాడీల్లో పోసి, సీసాలు ఎండకు పెట్టి, మళ్ళీ నింపితే ఒక్క పూట పని. ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. సరిగ్గా అప్పుడే మామా హలీమా ఫోటోలు తీయించి పాస్‌పోర్టు కాగితాలు నింపుతూ కనబడేది, నా నోరు మూసుకుపోయేది. మూడో రోజు ప్రభుత్వం వాళ్ళ బండి వచ్చి పెట్టెలు తీసుకుపోయింది. బండి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని చూశాను. బూజు పట్టకపోవచ్చు కూడా. ఉప్పు దండిగానే వేశాను.

పట్టాలని ఉందో, పట్టకూడదని ఉందో అడగకు.

మహబూబీ

*

రుస్తాఖ్,
జనవరి 12

అక్కా,

వాళ్ళు వెళ్ళి మూడు రోజులైంది. మొదటి రోజు ఫోటోలు మామా పెద్దకొడుకు చూపించాడు. పెద్ద షామియానా, దీవి వాళ్ళూ ఒమాన్ వాళ్ళూ కలిసి రిబ్బను కత్తిరిస్తున్నారు. మన స్టాలు ముందర జనం ఉన్నారు. హలీమా కొత్త నీలం రంగు అబాయా వేసుకుంది, మామా కొనిపెట్టింది. మామా చెయ్యి హలీమా భుజం మీద ఉంది. నేను ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి ముందు ఆ చెయ్యి చూశాను, తర్వాత సీసాలు చూశాను. సీసాలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. బూజేమీ కనబడలేదు. అల్లా కాపాడాడనుకున్నాను. వెంటనే, అయితే యూనిట్ కూడా ఆమెకే వెళుతుందనుకున్నాను. ఒక్క నిమిషం తేడాలో రెండూ అనుకున్నాను.

పెద్దావిడకు నేనే అన్నం పెడుతున్నాను. నోరు తెరవదు. హలీమా ఏదని ఆ భాషలో అడుగుతుంది, ఆ పేరొక్కటే నాకు అర్థమవుతుంది. నిన్న ముద్ద నా చేతి మీదే ఉమ్మేసింది. నేను చెయ్యి కడుక్కుని కుళాయి దగ్గర ఏడ్చాను. ఆమె ఉమ్మినందుకు కాదు.

ఆ రోజు ఫోటోల తర్వాత మళ్ళీ ఏ ఫోటో రాలేదు. ఎందుకో తెలియదు. ఈ కాగితం ఎవరి చేతనైనా పంపుతాను, లేకపోతే దాచిపెడతాను.

మహబూబీ

*

రుస్తాఖ్,
ఫిబ్రవరి 18

జైనబక్కా,

ఫోన్లో నేను పొడి పొడిగా చెప్పింది విని నువ్వు భయపడ్డావని తెలుసు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. డిసెంబరు ఉత్తరంలో నీ దగ్గర కూడా ఒకటి దాచాను, అది కూడా ఇందులోనే ఉంది.

ఎగ్జిబిషన్ రెండో రోజున అక్కడి పెద్ద హోటలు మనిషి ఒకాయన ఆర్డరు రాయడానికి కూర్చుని, రుచికోసం సీసా మూత తీశాడట. పైన తెల్లగా బూజు. ఇంకోటి తీస్తే అదీ అంతే. ఆఫీసరు వచ్చి పది సీసాలు తెరిపిస్తే ఏడింట్లో ఉంది. మొత్తం సరుకు బల్ల మీదనుంచి తీయించి వెనక పెట్టించాడట. మిగతా రెండు రోజులూ మామా ఖాళీ బల్ల వెనక కూర్చుంది. పక్క స్టాళ్ళ వాళ్ళు తమ హల్వా తెచ్చి ఆ బల్ల మీద పెట్టుకున్నారట. మామా మూడేళ్ళ నుంచి కూడబెట్టుకున్న మంచిపేరు అది. ఆఫీసరు మాత్రం పరీక్షకు పంపిన సరుకు బాగుంది కాబట్టి రంజాను తర్వాత ఇంకొక అవకాశం ఇస్తాననీ, ఈసారి సీసాలు ఎవరు నింపుతున్నారో చూసుకోమనీ చెప్పి పంపాడట.

ఇంటికి వచ్చిన మరునాడు మామా నన్ను హాల్లోకి పిలిచింది. పెద్దావిడ కుర్చీలో ఉంది, హలీమా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మామా కళ్ళు వాచి ఉన్నాయి. యూనిట్ పనంతా ఇకమీదట నీదే, కాగితాలు నీ పేరు మీదే పెడతాను, ఇది ముందే చెయ్యవలసింది అంది. హలీమాను ఏజెన్సీకి తిప్పి పంపుతున్నానంది. తిప్పి పంపడమంటే ఇంటికి పంపడం కాదు అక్కా. ఆమె కాంట్రాక్టు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఏజెన్సీ రూములో కూర్చోబెట్టి ఇంకో ఇంటికి, ఎలాంటి ఇంటికో ఎవరికీ తెలియదు, పంపేస్తారు. ఆ తర్వాత మామా నన్ను అడిగింది.

"సీసా నీకు చూపించి, జైన్? అని అడిగానంటోంది. నువ్వు జైన్ అన్నావంటోంది. తప్పు చేసింది చాలక నీ మీదికి నెడుతోంది. అబద్ధమే కదా?"

జైన్ అంటే బాగుంది అని. నేను నీ దగ్గర దాచింది ఇదే. ఆరోజు నేను గుమ్మంలో నిలబడి ఉండగా హలీమా తలెత్తి, నింపబోయే సీసా ఒకటి పైకెత్తి, జైన్? అని అడిగింది. నేను జైన్ అన్నాను. అని, గంప ఎత్తుకుని పోయాను. ఊరుకోవడం వేరు, బాగుందనడం వేరు. నాకు తెలుసు కాబట్టే నీకు రాయలేదు.

నేను కోరుకున్నదంతా మామా నా చేతిలో పెట్టింది. ఒక్క మాట చాలు. అవునని అనలేకపోయాను, కాదనీ అనలేకపోయాను. "గుర్తులేదు మామా" అన్నాను. మామాకు అది చాలు. హలీమా నా వైపు చూసింది, తర్వాత నేలకేసి చూసింది.

మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నారు. రూమ్‌లో హలీమా సంచి సర్దుకుంటోంది. మరునాడు పొద్దున ఏజెన్సీ కారు వస్తుంది. నేను మంచం మీద కూర్చుని గోడవైపు తిరిగాను. తిడుతుందేమో, కొడుతుందేమో అనుకున్నాను, అలా చేస్తే బాగుండుననుకున్నాను. ఆమె నీలం అబాయా మడతపెడుతూ, మా ఇద్దరికీ వచ్చిన ఆ కొంచెం అరబ్బీలో మెల్లగా అంది.

"ఆరోజు నీకు పని ఎక్కువ. చుట్టాలు, మేడ మీద గదులు. నువ్వు సరిగ్గా చూసి ఉండవు. నేనే ఇంకోసారి అడగాల్సింది."

నేను లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా మామా గదికి పోయి తలుపు తట్టాను. ఏడేళ్ళలో ఆ వేళప్పుడు ఆ తలుపు తట్టింది అదే మొదటిసారి. నిలబడే చెప్పాను. చూశానని, తడి కనబడిందని, ఆమె అడిగిందని, నేను జైన్ అన్నానని. ఎందుకని అడిగింది. నా మనసులో ఉన్నదానికి నాకొచ్చిన వంటింటి అరబ్బీలో మాటలేదు. "ఆమెను తీసుకెళ్ళావు, నన్ను తీసుకెళ్ళలేదు" అన్నాను.

"సీసాలు పోయినందుకు కాదు మహబూబీ, నీ మాట నమ్మి నేను ఆమెను అబద్ధాలకోరు అన్నాను, మా అత్తగారి ముందర అన్నాను" అంది మామా.

సాయంత్రానికి తీర్పయిపోయింది. హలీమా ఉంటుంది. యూనిట్ పెడితే ఆమెదే. నా వీసా మార్చితో అయిపోతుంది, మళ్ళీ కొట్టించనంది. అరవలేదు, జీతం ఆపలేదు. మార్చి నెల పదో తేదీకి టికెట్టు తీసింది. ఈలోగా ఊరగాయ పని మొత్తం హలీమాకు నేర్పమని అడిగింది. ఆజ్ఞలా కాదు, అడిగింది. సరేనన్నాను. కాదనడానికి నాకు మొహం ఎక్కడుంది?

హలీమా నాలుగు వారాలు నాతో మాట్లాడలేదు. నేర్పుతుంటే వింటుంది, చిన్న పుస్తకంలో రాసుకుంటుంది, అంతే. కాయ ఎప్పుడు కొయ్యాలో, ఉప్పు ఎంత పట్టాలో, మెంతులు ఏ రంగుకు వేగాలో, సీసాలు ఎన్ని ఎండలు చూడాలో అన్నీ చెప్పాను. ఏదీ దాచలేదు. దాచాలని అనిపించలేదా అంటే, అనిపించింది. ఆవపిండి కొలత దగ్గర నాలుక ఆగింది. ఆమె పెన్ను పట్టుకుని ఎదురుచూసింది, చెప్పేశాను. ఆమె చెయ్యి నాకంటే చురుకైనది అక్కా. ముక్కలన్నీ ఒకటే సైజులో కోస్తుంది. చూస్తుంటే ఇప్పటికీ నాకు కుళ్ళే.

నిన్న మేడ మీద ముక్కలు ఎండబెడుతుంటే తనంతట తనే అడిగింది, టికెట్టు ఏ రోజుకని. చెప్పాను. అప్పుడు జాంజిబార్ సంగతి మొదటిసారి చెప్పింది. ఆ షామియానా ఎదురుగానే బస్సుల స్టాండట. ఒక బస్సు మీద వాళ్ళ ఊరి పేరు రాసి ఉందట, గంట ప్రయాణం. వాళ్ళమ్మ, ఆరేళ్ళ కూతురు ఉన్నది ఆ ఊళ్ళోనే. రెండేళ్ళయింది చూసి. ఒక్క పూట వెళ్ళొస్తానని అడిగితే మామా పంపలేదట. వెళితే తిరిగి రాదేమో అని భయపడిందట, పాస్‌పోర్టు తన సంచిలోనే పెట్టుకుందట. నాలుగు రోజులూ హలీమా ఆ బస్సు రావడం, జనం ఎక్కడం, బస్సు పోవడం చూస్తూ స్టాలులో నిలబడింది. ఆ ఫోటోలో మామా చెయ్యి ఆమె భుజం మీద ఎందుకు ఉందో నాకు అప్పుడు తెలిసింది. నువ్వు కూతుర్ని ఎప్పుడు చూస్తావని అడిగింది. పదకొండో తేదీ పొద్దున్నే అన్నాను.

హలీమా చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వు తప్పు చేశావు, నిన్ను ఇంటికి పంపుతోంది. నేను నిజం చెప్పాను, నన్ను ఉంచుకుంది" అంది.

అని నా వైపు చూసింది. ఆ చూపు నేను ఎరగనిది కాదు అక్కా. అక్టోబరు నుంచి ఆమెను నేను చూస్తున్నది ఆ చూపుతోనే.

నీ చెల్లెలు,
మహబూబీ